లేదాన్ దగ్గర ఆగిపోయిన రాజ్యం బండి

రాజ్యానికి అచ్చయ్యంటే పడదు. అచ్చయ్య ఆమెకు బావగారు, పోయిన పెనిమిటి టోనీకి అన్న. ఆదివారం క్రీస్తు గుడిలో ఇద్దరూ ఒకే పాట పాడతారు, ఒకే పళ్ళెంలో కానుక వేస్తారు, బయటికొచ్చాక చెరో వీధి పట్టుకుని పోతారు. యాంగోన్‌లో మిగిలిన తెలుగు ఇళ్ళే కొద్ది. వాటిలో ఈ తగువు తెలియని ఇల్లు లేదు.

తగువంతా ఒక పికప్ బండి గురించి. పాత బండిని తుక్కు కింద ఒప్పజెప్పినవాళ్ళకు బయటిదేశం నుంచి బండి తెప్పించుకునే పర్మిట్ ఇస్తామని సర్కారు చాటించిన రోజుల్లో, అచ్చయ్య పెరట్లో ఇంజను లేని కారొకటి ఉండేది. అందులో పిల్లులు ఈనేవి. దాన్ని ఇచ్చేసి పర్మిట్ తెచ్చాడు. బండి కొన్నది మాత్రం టోనీ డబ్బుతో. కాగితాలు అచ్చయ్య పేరన ఉండిపోయాయి. ఆ ఊళ్ళో బండి పేరు మార్పించుకునేవాళ్ళు తక్కువ, నలుగురి చేతులు మారినా మొదటివాడి పేరు మీదే తిరుగుతుంది. టోనీ బతికున్నన్నాళ్ళూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతను మూత్రపిండాల జబ్బుతో పోయాక, నెల తిరిగిన ప్రార్థన నాడు, భోజనాలయ్యాక, చెయ్యి తుడుచుకుంటూ అచ్చయ్య అన్నాడు: "మరి బండి మా ఇంటికాడ ఎట్టుకుంటాను. ఆడమనిషివి, నీకు దేనికి?"

"నాను తోల్తాను," అంది రాజ్యం.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. అప్పటికి అరవై దగ్గర పడుతున్న మనిషి. వారం తిరక్కుండా కండువా నెత్తికి చుట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. ఆ బండి వెనక జనరేటరును తగిలించుకుని పెళ్ళిళ్ళకీ, చావులకీ, దుకాణాలకీ అద్దెకు తిప్పడమే ఆమె తిండి. బండి పోతే ఆమెకు వేరే ఏమీ లేదు. ఈ సంగతి అచ్చయ్యకీ తెలుసు.

జనరేటరు కూర్చున్న తోకబండి, అదే ట్రెయిలరు, ఒక తెల్లవాళ్ళ నూనెబావుల కంపెనీ దేశం విడిచి పోతూ అమ్మేసినది. దాని చక్రాలకు కరెంటు బ్రేకులు. ముందు బండిలో కాలితో బ్రేకు తొక్కితే, స్టీరింగు కింద బిగించిన పెట్టె ఒక వైరు వెంట తోకబండికి కరెంటు పంపుతుంది, అక్కడ చక్రాల్లోని అయస్కాంతాలు డ్రమ్ములను పట్టేస్తాయి. టోనీ పోయాక పాత పెట్టె చెడిపోతే కొత్తది బిగించింది అచ్చయ్య. రేవు కరెంటు షెడ్డులో పనిచేసి దిగిపోయినవాడు కాబట్టి ఇంకొకర్ని పిలవనివ్వలేదు. జపాను బళ్ళలో నల్ల వైరంటే ఎర్తని అతని వేళ్ళకు అలవాటు. ఈ అమెరికా పెట్టెలో నల్లది బ్యాటరీకి, తెల్లది ఎర్తుకు. చూసుకోకుండా తగిలించాడు. మొదటిసారి మీట వెయ్యగానే ఫ్యూజు టప్పున పేలి, పొగ వచ్చింది. అది గుడి వాకిట్లో, ఆరాధన వదిలిన వేళ. రాజ్యం పగలబడి నవ్వింది. అచ్చయ్య తర్వాత సరిచేశాడు గానీ ఆ నవ్వును మాత్రం క్షమించలేదు. తర్వాత ఏ బల్బు ఆరినా రాజ్యం "బావగారి చేతిపని" అనేది. ఆ మాట తిరిగి తిరిగి అతని చెవిన పడేది.

సైన్యం గద్దెనెక్కిన మూడో వారం. రాత్రిళ్ళు ఇంటర్నెట్టు పోతోంది, పగలు రోడ్ల మీద జనం. బ్యాంకులు మూత, ఓడలు రావు, ఎవరి వీధిలో వాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా. మింగళాడోన్‌లో కోళ్ళ చలిగది నడిపే ఢిల్లేశ్వరరావు పొద్దున్నే ఫోను చేశాడు. కరెంటు లేదు, అతని జనరేటరు చచ్చింది, కోసి పెట్టిన కోళ్ళు గదినిండా ఉన్నాయి.

"రాజ్యమొదినా, బేగొచ్చీ. మజ్జాన్నం దాటితే కంపు కొట్టీసి చస్తాయి."

ఆమె బయల్దేరబోతుంటే అచ్చయ్య పిలవకుండా వచ్చి ఎడమ తలుపు తీసుకుని కూర్చున్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు సంచి.

"ఎక్కడికి బావా?"

"నా బండి ఎక్కడికెల్తే నానూ అక్కడికే. ఊరు ఈ ఆలతులో ఉంటే బండి బయటికి తీత్తావా? ఎవుడైనా రాయేసి అద్దం పగలగొడితే ఎవుడిదే బాద్దిత?"

దిగమనబోయి ఆమె రోడ్డు గుర్తు చేసుకుంది. యాంగోన్‌లో బళ్ళు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, జపాను నుంచి వచ్చిన ఆ బళ్ళకు స్టీరింగూ కుడివైపునే. ముందు వెళ్ళేదాన్ని దాటాలంటే తోలేవాడికి ఎదురు రోడ్డు కనపడదు, ఎడమ పక్కనున్నవాడు తల బయటపెట్టి చెప్పాలి. వెనక తోకబండి ఉన్నప్పుడు మరీను. శత్రువైనా రెండు కళ్ళున్నవాడు. సరేననుకుంది.

దారిపొడుగునా అతని కళ్ళు రోడ్డు మీద కంటే ఆమె చేతుల మీదే ఉన్నాయి. "గేరు మార్చు. అలాగ్గాదు. మా తమ్ముడు ఇలగే నేర్పినాడా?"

"మీ తమ్ముడు బతికుండగా నీ చేత ఒక్క బోల్టు కూడా తిప్పించలేదు, ఎందుకో ఆలోచించుకో."

లేదాన్ కూడలి దగ్గర పడుతుండగా ముందంతా కార్లు. అడ్డదిడ్డంగా, బానెట్లు పైకెత్తి, రోడ్డు మొత్తం. టాక్సీలు, బస్సులు, సొంత కార్లు. డ్రైవర్లు ఇంజన్లలోకి తొంగి చూస్తున్నారు గానీ ఎవడి చేతికీ నూనె అంటలేదు. సిపాయిల లారీలు రాకుండా బళ్ళు చెడిపోయినట్టు నటించి రోడ్లు మూసెయ్యాలని ముందురోజు నోటి మాటగా ఊరంతా పాకింది. రాజ్యం కూడా విన్నది. ఒక పక్కన సందు కనబడితే అందులోంచి దూరిపోదామని స్టీరింగు గట్టిగా తిప్పింది.

వెనక నుంచి ఎవరో జుట్టు పట్టుకుని లాగినట్టు బండి ఆగిపోయింది. టైర్లు కీచుమన్నాయి. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను మూలిగింది, తోకబండి అంగుళం కదల్లేదు. దాని చక్రాలు బిగుసుకుపోయాయి, బండి సరిగ్గా ఆ సందుకు అడ్డంగా పడింది.

చుట్టూ చప్పట్లు.

"శభాష్ ఆంటీ! సరైన చోట పెట్టావు," అన్నాడు పక్కన బానెట్టెత్తుకుని నిలబడ్డ టాక్సీ అతను, బర్మా మాటలో. నలభై ఏళ్ళుంటాయి, నెత్తిన ఇనప టోపీ.

రాజ్యం దిగింది. "నిజంగానే ఆగిపోయింది."

"మాదీ నిజంగానే," అన్నాడతను గంభీరంగా.

"నాది కూడా పాపం," అంది ఇంకో కారులోంచి ఒకావిడ. "పొద్దుట్నుంచీ దగ్గుతోంది."

అందరూ నవ్వారు. రాజ్యానికి ఒళ్ళు మండిపోయింది. "బ్రేకులు పట్టేశాయంటే నమ్మరేం?"

"నమ్మాం ఆంటీ, నమ్మాం. పోలీసులతో కూడా అలాగే చెప్పు, ఇంతే కోపంగా."

కూడలి అవతలి నుంచి మైకు వినబడింది. రోడ్డు ఖాళీ చెయ్యాలి, చెయ్యకపోతే బళ్ళు పగలగొట్టి ఈడ్చేస్తారట. జనం ఈలలు వేశారు. రాజ్యం ముందద్దం వైపు చూసింది. అది పగిలితే ఇంకొకటి తెప్పించడానికి ఓడలు లేవు. బండినే ఈడ్చుకుపోతే, వెళ్ళి అడగడానికి కాగితాల మీద ఆమె పేరు లేదు.

"అంతా నీ వైర్లే," అంది అచ్చయ్యతో, దిగి వస్తున్నవాడితో. "నల్లది ఎక్కడెట్టావో ఏటో మళ్ళీ."

"నోరు ముయ్! నివ్వే కాళ్ళూ చేతులూ ఆడించి దేన్నో లాగీసుంటావు." స్టీరింగు కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు. లుంగీ మోకాళ్ళ పైకి పోయింది. "ఇదిగో, జోరు మొత్తం తగ్గించీసినాను. కదులుతాదేమో సూడు."

ఆమె వెళ్ళి తోకబండి చక్రాన్ని కాలితో తన్నింది. కదల్లేదు.

"పెట్టె మొత్తం పీకీసినాను. ఇప్పుడు?"

కదల్లేదు.

"అయితే అయస్కాంతాలు తుప్పట్టీసుంటాయి. సుత్తి ఉన్నాదా?"

"ఉంటే ముందు నీ నెత్తి మీద కొడతాను."

రాజ్యం మోకాళ్ళ మీద కూర్చుని చక్రం డ్రమ్ముకు చెవి ఆనించింది. సన్నగా ఝుమ్మని వినబడుతోంది, తుమ్మెద గూటిలో ఉన్నట్టు. తుప్పు ఝుమ్మనదు. కరెంటు వస్తోంది. ఎక్కడి నుంచి? ముందు బండి నుంచి తోకబండికి వచ్చే లావుపాటి ప్లగ్గును రెండు చేతులా పట్టుకుని ఊడలాగింది. ముందు బండితో సంబంధమే లేదిప్పుడు. మళ్ళీ చెవి పెట్టింది. ఝుమ్మంటూనే ఉంది.

అంటే అచ్చయ్య పెట్టె కాదు. అచ్చయ్య వైర్లు కాదు. తోకబండికి సొంతంగా ఒక చిన్న బ్యాటరీ ఉంది. బండ్లు రెండూ మధ్యదారిలో విడిపోతే తోకబండి జనం మీదికి దొర్లిపోకుండా దాని బ్రేకులు అవే పట్టేస్తాయి. ముందు బండికి కట్టిన సన్నటి తీగ చివర ఒక పిన్ను ఉంటుంది. పిన్ను ఊడిందా, బ్రేకులు బిగుస్తాయి.

ఆమె వంగి చూసింది. పిన్ను ఊడి వేలాడుతోంది. ఆ తీగకు ఎర్ర రిబ్బనుతో కట్టిన తబ్యే కొమ్మల గుత్తి, బంపరు సందులో ఇరుక్కుపోయి, తీగను లాగిపెట్టి ఉంది.

ఆ గుత్తిని కట్టింది ఆమే. ఆ ఊళ్ళో నేరేడు ఆకుల్లాంటి ఆ తబ్యే చిగుళ్ళను బుద్ధుడి ముందు పెడతారు, దారిలో ఏ కీడూ తగలకుండా బళ్ళ ముక్కుకు కడతారు. జైళ్ళు తెరిచి దొంగల్ని ఊరి మీదికి వదిలారని పుకారు పుట్టాక, ఏ వీధివాళ్ళూ తామెరగని బండిని పోనివ్వడం లేదు. "కలా బండి" అని ఆపి, సీట్ల కింద కూడా వెతుకుతున్నారు. కలా అంటే ఇండియా ముఖాలకు వాళ్ళు పెట్టిన పేరు, ప్రేమతో పెట్టింది కాదు. ఆకులు కనబడితే మనవాళ్ళ బండేలే అని వదులుతారని ఆ ఉదయం పూలమ్మి దగ్గర ఒక గుత్తి కొంది. ముందు కడితే గుడివాళ్ళు చూస్తారు. సంఘ పెద్ద అచ్చయ్య అందరి ముందూ లేచి, మన సహోదరి విగ్రహాల ఆకులు కట్టుకుని తిరుగుతోందని కళ్ళు తుడుచుకుంటాడు. అందుకని వెనక, రెండు బళ్ళ నడుమ, పక్కన నిలబడ్డవాళ్ళకే కనబడేలా, చేతికి అందిన తీగకు కట్టేసింది. ఆ తీగ దేనికో తెలిసి కూడా ఆ నిమిషాన గుర్తు రాలేదు. స్టీరింగు గట్టిగా తిప్పినప్పుడు గుత్తి బంపరు సందులో పడి పిన్నును ఊడబెరికింది.

రాజ్యం చెవులు కాలిపోయాయి. గబగబా గుత్తిని తెంపి తోకబండి కిందికి విసిరింది. ప్లగ్గు తగిలించింది, పిన్నును దాని కన్నంలో నొక్కింది. టక్కుమంది. రోడ్డు అక్కడ కాస్త వాలు. బండి రెండడుగులు ముందుకు దొర్లింది, జనం ఓయ్ ఓయ్ అన్నారు, లోపల పడుకున్న అచ్చయ్య చేత్తో బ్రేకు నొక్కి ఆపాడు.

"సూసినావా!" అతని తల కిటికీలోంచి పైకొచ్చింది, దుమ్ము కొట్టుకుని, వెలిగిపోతూ. "ఎర్ర వైరు వొదులైపోనాది. పెట్టె మళ్ళీ తగిలించి దాన్ని మెలేసినాను, వొచ్చీసింది. చేతిపని, చేతిపని అని ఎగతాలి సేత్తావు కదే. ఇదీ చేతిపనంటే!"

ఆమె పళ్ళ బిగువున ఊరుకుంది. నిజం చెబితే ఆకుల మాట చెప్పాలి.

బండి కదలడం టాక్సీ అతను కూడా చూశాడు. నవ్వు పోయింది. "బాగైపోయిందా? అయితే బానెట్టెత్తి ఇక్కడే ఉండు ఆంటీ. ఎక్కడికి వెళ్ళాలి నువ్వు?"

రాజ్యం జవాబు వెతుక్కునేలోగా అచ్చయ్య ఆ గెలుపు ఊపులో బర్మాలో అరిచాడు: "మింగళాడోన్! దారి వదలండి, జనరేటరు అర్జెంటుగా అందాలి!"

మింగళాడోనంటే విమానాశ్రయం, దాని పక్కన సిపాయిల బారకాసులు. చుట్టూ ఉన్న ముఖాలు ఒక్కసారిగా మూసుకుపోయాయి. "ఎవరికి జనరేటరు?" అన్నారెవరో. "దలాన్," అంది ఇందాక దగ్గే కారున్న ఆవిడ. సైన్యానికి కబుర్లు చేరవేసేవాణ్ణి అలా అంటారు, ఆ మాట పడ్డవాడి ఇంటి గోడ మర్నాటికి మంటలకు నల్లబడుతుంది. ఎవరో బండి తలుపు మీద అరచేత్తో చరిచారు.

అచ్చయ్యకు అదేమీ పట్టలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. "నివ్వు ఆ పక్కన కూకో. ఇక్కడ్నించి నానే తోల్తాను. కోల్లకాడికెల్లి, సాయింత్రం తిన్నగా మా ఇంటికాడ ఎడతాను. సాలు నీ పెత్తనం. నా పేరు, నా రిపేరు, నా బండి."

రాజ్యం ఒక్క క్షణం అతన్నే చూసింది. అతని పెరటి గేటుకు పెద్ద తాళం ఉంటుంది. ఆ గేటు దాటి లోపలికెళ్ళిన బండి ఆమెకు మళ్ళీ రాదు. రేపు తిండి ఎలాగని అతన్నే అడగాలి.

"ఉండు బావా, ప్లగ్గు సరిగ్గా కూకుందో నేదో సూసొత్తాను."

వెనక్కి నడిచింది. వంగింది. పిన్ను పట్టుకుని పీకేసింది.

అచ్చయ్య గేరు వేసి తొక్కాడు. ఇంజను ఊళ పెట్టింది. ఇంకా తొక్కాడు. కాలిన వాసన వచ్చింది. తోకబండి నేలలో పాతుకున్నట్టు నిలబడింది. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు, ఈసారి అవి అతన్ని ఎగతాళి చేస్తూ.

"ఏటయింది బావా?" అంది రాజ్యం కిటికీ దగ్గరికొచ్చి. "ఎర్ర వైరేటి?"

అతను మళ్ళీ స్టీరింగు కింద దూరాడు. మెలేశాడు, ఊడదీశాడు, మళ్ళీ మెలేశాడు. చెమటలు కారిపోతున్నాయి. చేతి బ్రేకు లాగి, దిగి బానెట్టు ఎత్తాడు. మైకు మళ్ళీ అరిచింది, ఈసారి దగ్గరగా, వెనక బూట్ల చప్పుడు కూడా. అతను బానెట్టు కింద తలదూర్చి ఫ్యూజులు తడుముతున్నాడు. రాజ్యం వెనక్కెళ్ళి పిన్ను నొక్కింది, వచ్చి టాక్సీ అతని ముందు నిలబడింది.

"సిపాయిలకి కాదు, కోళ్ళకి. చలిగదిలో చచ్చిన కోళ్ళు. తెలుగువాడి కోళ్ళు. కావాలంటే వచ్చి వాసన చూడు. నాకున్నది ఈ బండొక్కటే. పగలగొట్టించుకుంటానంటే నీ కారు పగలగొట్టించుకో, నాది కాదు."

అతను తోకబండి మీది టార్పాలిను ఎత్తి చూశాడు. జనరేటరు ఒంటి మీద బర్మా అక్షరాల్లో, పెళ్ళిళ్ళకు చావులకు అద్దెకు, అని టోనీ రాయించిన రంగు మాసిన అక్షరాలు. చదివి ఉమ్మేశాడు.

"కోళ్ళకట," అన్నాడు అందరితో. "ఊరు చస్తుంటే ఈవిడకు కోళ్ళు." టాక్సీలో కూర్చుని తాళం తిప్పాడు. పొద్దుట్నుంచీ చెడిపోయిన కారు ఒక్క తిప్పుకే పలికింది. వెనక్కి జరిపి సందు ఇచ్చాడు. "ఫో. మళ్ళీ ఈ దారిన కనబడకు. ముఖం గుర్తుంటుంది."

"నాకూ గుర్తుంటాదిలే," అని తెలుగులో గొణిగి రాజ్యం డ్రైవరు సీటెక్కింది.

"చేతులు తియ్యి బావా, బానెట్టు దించు. బండి బాగైపోనాది."

అచ్చయ్య తల ఎత్తాడు. "ఎలగ? ఎవుడు సేసినాడు?"

"నివ్వే. ఏ ఫ్యూజో తిప్పుంటావు. ఎక్కు."

"నివ్వు దిగు ముందు. నాను తోల్తానన్నాను కదా."

"ఎడం పక్కన ఎక్కితే ఎక్కు, నేకపోతే ఒగ్గీ."

"నా బండిలో నాను పక్కన కూకోవాలా? ఇంతమంది ముందు? నీ పక్కన?" అతను బానెట్టును దభీమని మూసి, బండి ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. లుంగీ ఎగ్గట్టాడు. "తోలు సూద్దాం."

రాజ్యం చేతి బ్రేకు దించి క్లచ్చు మెల్లగా వదిలింది. బండి అతని బొజ్జ దాకా వచ్చింది. అతను అరచేతులు రెండూ బానెట్టు మీద వేసి తోశాడు. ఆమె ఆపలేదు. అతను వెనక్కి ఒక అడుగు, మరొకటి వేసి, చెప్పు ఊడిపోయి పక్కకు తూలాడు. బండి సందులోంచి దూరింది, తోకబండి దాని వెనక అణకువగా తిరిగింది. ఎవరో విసిరిన నీళ్ళ సీసా వెనకద్దానికి తగిలి పగలకుండా పడిపోయింది. అద్దంలో అతను ఒక కాలి చెప్పుతో జనం మధ్యన ఏదో అరుస్తూ, వాళ్ళు అతన్ని ఏదో అడుగుతూ కనబడ్డారు. అంతవరకే చూసింది. తర్వాత రోడ్డు చూసుకుంది.

ఢిల్లేశ్వరరావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏటమ్మా, పెళ్ళికూతురు ముస్తాబయ్యి ఒచ్చినట్టు ఇంత ఆలీసెం? సగం కోళ్ళు రంగు మారిపోనాయి."

"మిగతా సగం రంగు మారకముందు ఆ వైరందుకో. నీ కోళ్ళ కోసం నానీ పొద్దు తిన్న తిట్లు నివ్వు జన్మలో తిని ఉండవు."

జనరేటరు స్టార్టు చేసి, బండి నీడన కూర్చుని నీళ్ళు తాగింది. ఢిల్లేశ్వరరావు భార్య టీ తెచ్చిపెట్టి వెళ్ళింది.

పొద్దు వాలాక ఫోను మోగింది. అచ్చయ్య. కొన్నిసార్లు మోగనిచ్చి ఎత్తింది.

"బతికున్నావా?" అంది.

"నీకు బాదగా ఉన్నాదా? దలానని కాలరట్టుకున్నారే నన్ను. బెరాకాసుల్లో నాకెవుడూ తెలవడని సెప్పుకోడానికి మా తాత పేరు దాకా సెప్పినాను. ఆనక సిపాయిలొచ్చి దొరికిన కారల్లా అద్దాలు బద్దలుకొట్టినారు. ఆ ఇనప టోపీవోడి టాక్సీ నుజ్జు సేసినారు. ఒట్టి కాల్లతో నడిసి ఇంటికొచ్చినాను."

టాక్సీ అతను సందు ఇవ్వడానికి కారును వెనక్కి జరిపి పెట్టిన చోటు రాజ్యం కళ్ళముందు కదిలింది. గ్లాసు అడుగున మిగిలిన చల్లటి టీ పారబోసింది.

"ఇనబడతన్నాదా?" అన్నాడు అచ్చయ్య. "రేపు పొద్దున్నకి బండి మా ఇంటికాడ ఉండాల. నేకపోతే కాగితాలట్టుకుని టానాకెల్తాను."

"ఈ రోజుల్లో టానాకెల్తావా? ఎల్లు. దలాను కాదని అప్పుడు మీ ముత్తాత పేరు కూడా సెప్పుకోవాల."

అచ్చయ్య గొంతు తగ్గించి, ఇంకా విషంగా అన్నాడు: "బండి తెత్తావా, తేవా?"

రాజ్యం బండి వైపు చూసింది. ముందద్దం మీద కోళ్ళ చలిగది దీపం వెలుతురు పడుతోంది, ఒక్క గీత కూడా లేదు.

"ఎలగ తెత్తాను బావా? మళ్ళీ ఆగిపోనాది. బ్రేకులు పట్టీసినాయి."

"ఏటి?"

"అదే, నివ్వు మెలేసిన ఎర్ర వైరు. మెల్లగా నడిసొచ్చి బాగుసేసుకో," అని ఫోను పెట్టేసి, లేచి జనరేటరులో నూనె ఎంతుందో చూడ్డానికి వెళ్ళింది.